చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లం: ఓఆర్‌ఎస్ పుట్టుపూర్వోత్తరాలు

ఓఆర్‌ఎస్ పొట్లం వెనక్కి తిప్పి చూస్తే కనిపించేవి నాలుగే సరుకులు. వంటింటి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5 గ్రాములు, పొటాషియం క్లోరైడు 1.5 గ్రాములు, సిట్రేట్ లవణం 2.9 గ్రాములు. లీటరు మంచినీళ్లలో కలుపుకుని తాగడమే. ఇందులో మందు ఏదీ అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాంతులు, విరేచనాలతో వెళితే సెలైన్ ఎక్కించకుండా పొట్లం చేతిలో పెట్టి పంపాడని అలిగి, ఇంకో డాక్టరు దగ్గరికి పోయేవాళ్లూ ఉన్నారు. ఆ నాలుగు అంకెలు ఇలా కుదరడానికి 170 ఏళ్లు పట్టింది. ఆ కథలో కుందేలు పేగుంది, పీత కాళ్లున్నాయి, ఒక యుద్ధం ఉంది, భీమవరం కూడా ఉంది.

1831లో కలరా ఇంగ్లండులో అడుగుపెట్టింది. రోగి నెత్తురు ఎందుకలా చిక్కబడిపోతోందో తెలుసుకుందామని విలియం బ్రూక్ ఓషానెసీ అనే 22 ఏళ్ల కుర్ర డాక్టరు పరీక్షలు చేశాడు. (తర్వాత కలకత్తా వచ్చి మన దేశంలో టెలిగ్రాఫు తీగలు వేయించింది ఈయనే.) నెత్తుట్లోంచి నీరూ ఉప్పూ పోతున్నాయని, అవే మలంలో తేలుతున్నాయని చెప్పాడు. మరుసటి ఏడాది స్కాట్లండులోని లీత్‌లో థామస్ లాటా అనే వైద్యుడు ఆ పోయినదాన్ని తిరిగి నింపి చూద్దామనుకున్నాడు. మొదటి రోగి ఒక ముసలావిడ. అప్పటికే నాడి అందడం లేదు. నరంలోకి ఉప్పునీళ్లు ఎక్కిస్తూంటే లోతుకు పోయిన కళ్లు తేరుకున్నాయి, ఒళ్లు వెచ్చబడింది. గండం గడిచిందనుకుని లాటా వెళ్లిపోయాడు. విరేచనాలు మళ్లీ మొదలయ్యాయి, మళ్లీ ఎక్కించేవాళ్లు లేక కొన్ని గంటల్లో ఆవిడ ప్రాణం పోయింది. ఒకసారి నింపితే చాలదు, పోతున్నంతసేపూ పోస్తూనే ఉండాలి. ఈ ముక్క వైద్యులకు ఒంటబట్టడానికి చాలా కాలం పట్టింది.

లాటా పద్ధతి కొన్నాళ్లకే మూలబడింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో లెనార్డ్ రోజర్స్ కలకత్తాలో సెలైన్‌ను మళ్లీ వాడుకలోకి తెచ్చి చావులను బాగా తగ్గించాడు. కానీ సెలైన్‌కు శుభ్రమైన సూది కావాలి, సీసా కావాలి, ఎక్కించేవాడు కావాలి. గత్తర వచ్చే ఊళ్లలో ఈ మూడూ ఉండవు. మరి నోటితో తాగిస్తే? ఉప్పునీళ్లు తాగిస్తే విరేచనాలు ఇంకా పెరుగుతాయే తప్ప ఒంటికి పట్టవని వైద్యులు కొట్టిపారేసేవారు. చాదస్తంతో అన్న మాట కాదది. వాళ్లు చూసింది అదే.

ఎందుకు పట్టదో తెలియాలంటే పేగు గోడ దగ్గరికి వెళ్లాలి. చిన్నపేగు లోపలి తలం ఒకే ఒక్క వరుస కణాలతో ఏర్పడింది. తాగిన నీళ్లు ఆ వరుసను దాటేదాకా ఒంటి బయట ఉన్నట్టే లెక్క. ప్రతి కణం చుట్టూ ఒక పొర ఉంటుంది, మందం మిల్లీమీటరులో లక్షో వంతు కూడా ఉండదు. 1890లలో జూరిక్‌లో పనిచేసిన ఎర్నెస్ట్ ఓవర్టన్ రకరకాల పదార్థాలను మొక్కల కణాల మీద, తోకకప్పల మీద ప్రయోగించి, కొవ్వులో కరిగేవి కణంలోకి సులువుగా దూరుతున్నాయని, మిగతావి బయటే ఆగిపోతున్నాయని గమనించాడు. కాబట్టి పొర కొవ్వులాంటిదై ఉండాలన్నాడు. 1925లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో గోర్టర్, గ్రెండెల్ అనే ఇద్దరు ఎర్ర రక్తకణాల్లోని కొవ్వును తీసి నీళ్ల మీద పలచగా పరిచి కొలిస్తే, కణాల పైవైశాల్యానికి సరిగ్గా రెట్టింపు వచ్చింది. అంటే పొరలో కొవ్వు రెండు వరసలుగా ఉంది. వాళ్ల లెక్కలో రెండు పొరపాట్లున్నాయని, అవి ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయని తర్వాత తేలింది. జవాబు మాత్రం నిలిచింది. సైన్సులో ఇలాంటి అదృష్టం అరుదు.

కొవ్వు గోడ గనక సోడియం దాన్ని దాటలేదు, గ్లూకోజూ దాటలేదు. వాటికి పొరలో ప్రత్యేకమైన ప్రొటీన్ ద్వారాలు ఉండాలి. నీటి సంగతి వేరు. ఉప్పుగానీ చక్కెరగానీ ఎటువైపు ఎక్కువగా ఉంటే నీరు అటే నడుస్తుంది. దీన్నే ద్రవాభిసరణ అంటారు. మాగాయకు ఉప్పు పట్టించిన మామిడి ముక్కల్లోంచి మర్నాటికి ఊట దిగేది ఇందుకే. పేగులోనూ నీటిది సొంత దారి కాదు. ఉప్పు కణాల్లోకి వెళితే నీరు దాని వెంట వెళుతుంది, ఉప్పు పేగులోనే ఉండిపోతే నీరూ ఉండిపోతుంది. మనం తాగేవీ, ఒంట్లో ఊరే జీర్ణరసాలూ కలిపి రోజుకు ఎనిమిది, తొమ్మిది లీటర్ల ద్రవం చిన్నపేగులోకి వస్తుంది. దాదాపు అంతా ఇలాగే తిరిగి నెత్తుట్లో చేరుతుంది.

కలరా ఈ లెక్కనే తలకిందులు చేస్తుంది. కలకత్తాలో శంభునాథ్ డే కుందేలు పేగును ముక్కలుగా ముడివేసి, కలరా క్రిములు పెరిగిన ద్రవాన్ని వడగట్టి, క్రిములు లేకుండా అందులో పెట్టి చూశాడు. అయినా పేగు నీటితో ఉబ్బిపోయింది. మనిషిని చంపుతున్నది క్రిమి విడిచే విషమని 1959లో ‘నేచర్’ పత్రికలో రాశాడు. ఆ విషం పేగు కణాల్లో క్లోరైడు దారులను తెరిచిపెడుతుంది. క్లోరైడు వెంట సోడియం, సోడియం వెంట నీరు బయటికి వచ్చేస్తాయి. ఉధృతంగా ఉంటే గంటకు లీటరు దాకా పోతుంది. కలరాలో పేగు లోపలి పొర ఊడిపోతుందని వందేళ్లుగా ఉన్న నమ్మకం కూడా దాదాపు అప్పుడే పోయింది. బ్యాంకాక్‌లో యూజీన్ గంగరోసా బతికున్న రోగుల పేగు నుంచి చిన్న ముక్కలు తీసి చూస్తే, గోడ చెక్కుచెదరకుండా ఉంది.

గోడ బాగానే ఉందంటే దానిలోని ద్వారాలూ బాగానే ఉండాలి. ఏ ద్వారం?

1960 ఆగస్టులో ప్రాగ్ నగరంలో జరిగిన సదస్సులో అమెరికన్ జీవరసాయన శాస్త్రవేత్త రాబర్ట్ క్రేన్ దీనికి జవాబు చెప్పాడు. ఆయన ఆలోచిస్తున్నది కలరా గురించి కాదు, చక్కెర పేగు కణంలోకి ఎలా వెళుతుందన్న దాని గురించి. పొరలో ఒకానొక ద్వారం సోడియాన్నీ గ్లూకోజునూ జతగా తీసుకుంటుందని ఆయన ప్రతిపాదన. చక్కెర తోడుంటే సోడియమూ, దాని వెంట నీరూ లోపలికి వెళతాయన్నమాట. సోడియం లోపలికి జారే ఊపే చక్కెరనూ లాక్కుపోతుంది.

సోడియానికి ఆ ఊపు ఎక్కడిది? కణం లోపల సోడియం ఎప్పుడూ తక్కువగా ఉండబట్టి. తక్కువగా ఉంచేదాన్ని 1957లో డెన్మార్క్‌లోని ఆర్హస్‌లో యెన్స్ స్కో పట్టుకున్నాడు. ఒడ్డున దొరికే పీతల కాళ్లలోంచి నరాలు తీసి, నూరి, వాటి పొరల్లో ఒక ఎంజైము ఉందని చూపించాడు. అదే సోడియం–పొటాషియం పంపు. ఒక్కో విడతకు మూడు సోడియం అయాన్లను బయటికి తోసి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి లాగుతుంది, అందుకు కణానికి ఇంధనమైన ఏటీపీ అణువును ఒకదాన్ని ఖర్చు పెడుతుంది. నలభై ఏళ్ల తర్వాత, 1997లో, స్కోకు నోబెల్ వచ్చింది. ఆ ఏటీపీని 1929లో జర్మనీలో కార్ల్ లోమన్, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి మన యల్లాప్రగడ సుబ్బారావు విడివిడిగా కనిపెట్టారు. భీమవరంలో పుట్టిన సుబ్బారావు పేరు చెబితే మనవాళ్లకు మందులే గుర్తొస్తాయి. ఒంట్లో ప్రతి కణం తన పంపుకు పెడుతున్న మేత ఆయన చూపించిందేనన్నది అంతగా ప్రచారం కాలేదు.

విచిత్రమేమిటంటే, క్రేన్ కన్నా ఏడేళ్ల ముందే కలకత్తాలో హేమేంద్రనాథ్ ఛటర్జీ అనే వైద్యుడు 186 మంది కలరా రోగులకు ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీళ్లు తాగించి, 1953లో ‘లాన్సెట్’లో ప్రచురించాడు. ఎవరూ పట్టించుకోలేదు. పోల్చి చూడటానికి మరో రోగుల బృందం లేదు, గ్లూకోజు ఎందుకు కావాలో వివరించే సిద్ధాంతమూ అప్పటికి లేదు. సిద్ధాంతం వచ్చాక కూడా ప్రాగ్‌లో మాట్లాడినవాళ్లూ, కలరా వార్డుల్లో నిలబడినవాళ్లూ ఒకరి వ్యాసాలు ఒకరు చదివేవారు కాదు.

ఆ రెండు దారులూ ఢాకాలో కలిశాయి. అక్కడి కలరా పరిశోధనశాలలో డేవిడ్ నాలిన్, రిచర్డ్ క్యాష్ అనే ఇద్దరు అమెరికన్ డాక్టర్లు, అప్పటికి ముప్ఫై ఏళ్లయినా నిండనివాళ్లు, 1968లో గ్లూకోజు–ఉప్పు ద్రావణాన్ని రోగులకు తాగించారు. వాళ్లు పట్టుకున్న కీలకం మోతాదు. కలరా మంచానికి నడుమ ఒక కన్నం, దాని కింద బకెట్టు ఉంటాయి. బకెట్టులో ఎంత పడిందో కొలిచి, అంత నీరూ తిరిగి తాగించడమే వాళ్లు చేసింది. ఎక్కించాల్సిన సెలైన్ 80 శాతం దాకా తగ్గిపోయింది. అయినా పెద్ద డాక్టర్లు మెత్తబడలేదు. మంచి ఆస్పత్రిలో, ఆరితేరిన నర్సుల చేతుల్లో పనిచేసింది సరే, బయట ఎలా అన్నారు.

బయట ఎలాగో 1971లో తేలింది. యుద్ధం వచ్చి తూర్పు పాకిస్తాన్ (నేటి బంగ్లాదేశ్) నుంచి కోటి మంది దాకా శరణార్థులు సరిహద్దు దాటి మన దేశంలోకి వచ్చారు. వాళ్ల వెంటే కలరా. పశ్చిమ బెంగాల్ సరిహద్దులోని బన్‌గావ్ ఆస్పత్రిలో రెండే గదులు. రోగులు నేల మీద పడి ఉన్నారు. సెలైన్ పెట్టడానికి కలకత్తా నుంచి వచ్చిన డాక్టరు దిలీప్ మహలనబిస్, ఆయన మనుషులూ ఆ వాంతుల్లో, విరేచనాల్లోనే మోకాళ్ల మీద కూర్చోవాల్సి వచ్చింది. సెలైన్ సీసాలు అడుగంటాయి. మహలనబిస్ చర్చలకు పోలేదు. లీటరుకు గ్లూకోజు 22 గ్రాములు, వంట ఉప్పు 3.5, వంటసోడా 2.5. కలకత్తాలో తమ పరిశోధనా కేంద్రపు లైబ్రరీ గదిలో వీటిని తూచి, ప్లాస్టిక్ సంచుల్లో పోసి, ఇస్త్రీపెట్టెతో మూతులు అతికించారు. శిబిరంలో కుళాయిలున్న డ్రమ్ముల్లో కలిపిపెట్టారు. తల్లులు, అన్నదమ్ములు, పక్కనున్న బంధువులు కప్పులతో పట్టుకెళ్లి తాగించారు. లీటరుకు అయిన ఖర్చు 11 పైసలు. శిబిరాల్లో 30 శాతం దాకా ఉన్న మరణాలు అక్కడ 3.6 శాతానికి దిగాయి.

అప్పటికి ప్రపంచ ఆరోగ్య సంస్థలో ఉన్న ధీమాన్ బరువా బన్‌గావ్ వచ్చి కళ్లారా చూశాడు. ఆ సంస్థ, యునిసెఫ్ 1970ల నడిమికి ప్రపంచమంతటికీ ఒకే మోతాదు ఖాయం చేశాయి. పొటాషియం చేరింది అప్పుడే. ఈ శతాబ్దపు వైద్యంలో ఇదే అతి ముఖ్యమైన ముందడుగు కావచ్చని 1978లో ‘లాన్సెట్’ సంపాదకీయమే రాసింది. మహలనబిస్‌కు మన దేశం పద్మవిభూషణ్ ఇచ్చింది మాత్రం 2023లో, ఆయన పోయిన మరుసటి ఏడాది.

పొట్లం కూడా అందని చోటికి బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ వెళ్లింది. 1980 నుంచి పదేళ్లపాటు ఆడ కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి, మూడు వేళ్లతో పట్టిన ఉప్పు, పిడికెడు బెల్లం, అర సేరు నీళ్లు కలపడం తల్లుల చేత చేయించి చూశారు. కోటీ ఇరవై లక్షల ఇళ్లు. వాళ్ల జీతం లెక్క గట్టిన తీరు ముచ్చటైనది. కొన్నాళ్ల తర్వాత వేరే వాళ్లొచ్చి తల్లులకు ఏం గుర్తుందో అడిగేవారు. ఎంత గుర్తుంటే నేర్పిన మనిషికి అంత జీతం. మన దగ్గర శిక్షణ పేరుతో సంతకాలు చేయించుకునే కార్యక్రమాలకు ఇదొక్కటి తగిలించినా చాలు.

క్రేన్ ఊహించిన ద్వారం అణువుగా చేతికి చిక్కింది 1987లో. కాలిఫోర్నియాలో ఎర్నెస్ట్ రైట్ బృందం కుందేలు పేగు నుంచి దాని జన్యువును తీసి, కప్ప గుడ్లలో పనిచేయించి చూపింది. దాని పేరు ఎస్‌జీఎల్‌టీ1. ఒక్కో గ్లూకోజుకు రెండు సోడియం అయాన్లు. దాని దాయాది ఎస్‌జీఎల్‌టీ2 కిడ్నీలో ఉంటుంది. షుగరు వ్యాధికి ఇప్పుడు వాడుతున్న డపాగ్లిఫ్లోజిన్ చేసే పని ఆ ద్వారాన్ని అడ్డుకుని చక్కెరను మూత్రంలోకి వదిలేయడం.

2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఉప్పునూ గ్లూకోజునూ తగ్గించింది. పాత ద్రావణం కాస్త చిక్కన. కొత్తదానితో పిల్లల్లో వాంతులు తగ్గాయి, సెలైన్ అవసరమూ తగ్గింది. చక్కెర మోతాదు మించితే ద్వారాలు తీసుకోగలిగినంతే తీసుకుంటాయి. మిగిలింది పేగులోనే ఉండి నీటిని ఒంట్లోంచి అటు లాగుతుంది. మాగాయ ఊటే అక్కడా.

సరిగ్గా ఈ కారణంతోనే హైదరాబాద్‌లో పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. అసలు మోతాదుకు ఎన్నో రెట్లు చక్కెర పోసి, డబ్బా మీద ఓఆర్‌ఎస్ అని అచ్చువేసి అమ్ముతున్న పళ్లరసాలు విరేచనాలతో ఉన్న పిల్లలకు తాగిస్తే రోగం ముదురుతుందని తెలంగాణ హైకోర్టుకూ వెళ్లారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఉత్తర్వులిచ్చింది. ముందూ వెనకా ఏ మాట తగిలించినా సరే, ఆహార పానీయాల పేర్లలో ఓఆర్‌ఎస్ అన్న మాట ఉండకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు చేసినది కాదని డబ్బా మీద ఒక ముక్క రాస్తే చాలంటూ అంతకు ముందు ఇచ్చిన వెసులుబాటు కూడా రద్దయింది.