సవారీ నెమ్మది, పంఖా నెమ్మది

ఖిల్వత్‌లో చౌమహల్లా ప్యాలెస్ చూడ్డానికి వచ్చినవాళ్లు అద్దం వెనకున్న పసుపు రోల్స్ రాయిస్ ముందు తప్పకుండా ఆగుతారు. 1912 నాటి సిల్వర్ ఘోస్ట్ అది. ఆర్డర్ ఇచ్చింది ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్. 1911 ఆగస్టులో ఆయన ఇంతెఖాల్ అయింది, కారు ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ చేతికొచ్చింది. బాడీ కట్టింది లండన్‌లోని బార్కర్ కంపెనీ. వెనక సీటు తఖ్త్‌లా ఎత్తుగా ఉంటుంది, సవారీలో రాజావారు రిఆయాకి కనబడాలి కదా. జనమంతా ఆ తఖ్త్ చూస్తారు. నా నజర్ మాత్రం ముందున్న రేడియేటర్ మీదికి పోతుంది. ఏడు లీటర్లకు పైబడిన ఆరు సిలిండర్ల ఇంజిను, దక్కన్ ఎండ, మనిషి నడక వేగంతో జులూస్. అందులో నీళ్లు మరగకుండా ఎలా ఉండేవి?

రోల్స్ రాయిస్ వాళ్ల జవాబు పెద్ద రేడియేటర్, బెల్టుతో తిరిగే పంఖా, నెమ్మదిగా పోవడంలో నఖరా చేయని ఇంజిను. 1911లో వాళ్లు ఇదే రకం కారుని లండన్ నుంచి ఎడిన్‌బరో దాకా టాప్ గేర్‌లోనే నడిపి చూపించారు. రాజసవారీకి అంతకంటే ఏం కావాలి. పైగా ఆ పసుపు కారు ఎక్కువగా తిరిగిందీ లేదు. నౌకరీ చేసి బతకాల్సిన గాడీల సంగతి వేరు.

పాత గాడీల్లో పంఖా ఇంజినుకి గులాం. అంబాసిడర్ బానెట్ ఎత్తి చూడండి, వాటర్ పంపు ఇరుసుకే ఇనుప రెక్కలు బిగించి ఉంటాయి. ఒకే బెల్టు పంపునీ, పంఖానీ, డైనమోనీ తిప్పుతుంది. ఇంజిను నిమిషానికి 3000 చుట్లు తిరిగితే పంఖా జోరుగా, 750 తిరిగితే సుస్తీగా. బీజాపూర్ రోడ్డు మీద జోరుగా పోతుంటే ఎదురుగాలే రేడియేటర్‌ని చల్లబరుస్తుంది, పంఖా అక్కర్లేదు. మదీనా చౌరస్తాలో ఆగిపోయినప్పుడే పంఖా కావాలి, అప్పుడే దానికి బలం ఉండదు. పాత దేవ్‌డీల్లో తాడు లాగే పంఖాకష్ ఉండేవాడంటారు. సాబ్ మెలకువగా ఉంటే లాగుతాడు, సాబ్ నిద్రపోతే తనూ కునుకుతాడు. చెమట మాత్రం నిద్రలోనే ఎక్కువ.

పెద్ద పంఖా పెడితే సరి అనుకోకండి. దాని వేగం రెట్టింపైతే అది తినే శక్తి దాదాపు ఎనిమిది రెట్లవుతుంది. 1489 సీసీ ఇంజిను పాపం ఎంతని మోస్తుంది?

మా పాత షహర్ తీరు ఈ ముష్కిల్‌ని ఇంకా పెంచింది. ఇక్కడ గాడీ నెమ్మదిగా పోవడమే తహజీబ్. బారాత్ చూడండి. దుల్హా అంబాసిడర్‌లో, ముందు మర్ఫా. ఆ మర్ఫా నిజాం ఫౌజులో చేరిన అరబ్బులు, హబ్షీలు తెచ్చిన వాద్యం. బార్కస్, ఏసీ గార్డ్స్ బస్తీలే వాళ్ల నిషానీ. మర్ఫా మోగితే కుర్రాళ్లు నాచ్ మొదలుపెడతారు, గాడీ గంటకి అర కిలోమీటరు జరిగితే గొప్ప. ఫస్ట్ గేర్, సగం క్లచ్, బానెట్ మీద బంతిపూల సెహ్రా, దాంతో గాలి ఇంకాస్త బంద్. హైదరాబాద్ సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి మూతలేని గిన్నెలో నీళ్లు 98 డిగ్రీలకే మరుగుతాయి. రేడియేటర్ మూత బిగువుగా ఉంటే ఒత్తిడి పెరిగి ఆ హద్దు కాస్త పైకి పోతుంది. మూత రబ్బరు పాతదైతే ఆ సహారా కూడా పోయినట్టే.

ఈ గులామీని తెంచింది మారుతి. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800లో ఇంజిను అడ్డంగా పడుకుని ఉంటుంది, దాని ఇరుసు రేడియేటర్ వైపు చూడదు. కాబట్టి పంఖాకి సొంత మోటారు పెట్టారు. నీళ్లు వేడెక్కితే థర్మో స్విచ్ దాన్ని లేపుతుంది, చల్లబడితే పడుకోబెడుతుంది. ఇంజిను వేగంతో తాల్లుక్ లేదు. కొన్నాళ్లకి పాత మారుతీలు కబాడీకి చేరడం మొదలయ్యాక మన మిస్త్రీలు ఆ పంఖాలని ఫియట్లకీ, అంబాసిడర్లకీ, జీపులకీ తగిలించారు. ఏ కంపెనీ ఇంజనీరూ నేర్పని హునర్ ఇది. జుమేరాత్ బజార్‌లో, రాణీగంజ్‌లో ఏరుకొచ్చిన సామానుతో ఉస్తాద్‌లు షాగిర్ద్‌లకి చేతుల్లోంచి చేతుల్లోకి ఇచ్చారు. ఎక్కడా రాసిపెట్టిన తవారీఖ్ లేదు. అందుకే నేను రాస్తున్నా.

మా మామూ అంబాసిడర్‌కి కూడా ఒక మిస్త్రీ ఇలాగే పంఖా పెట్టాడు. తీరా షాలీబండలో బారాత్ మధ్య గాడీ చల్లగానే ఉంది కానీ బ్యాటరీ చచ్చిపోయింది. దుల్హా షేర్వానీతో దిగి నడిచాడు, మర్ఫావాళ్లకి ఇంకా జోష్ వచ్చింది. కారణం డైనమో. పాత డైనమో ఇంజిను నెమ్మదిగా ఉన్నప్పుడు దాదాపు ఏమీ ఇవ్వదు. చిన్న పంఖా కూడా 8, 10 ఆంపియర్లు లాగుతుంది, హెడ్‌లైట్లది ఇంకో అంత. పంఖాని ఇంజిను గులామీ నుంచి విడిపించారు సరే, కరెంటు ఇంకా ఆ గులామీలోనే ఉంది. తర్వాత వేరే ఉస్తాద్ ముందు ఆల్టర్నేటర్ పెట్టాడు, ఆ తర్వాతే పంఖా, దానికి రిలే, విడిగా ఫ్యూజు. వాటర్ పంపుకి బెల్టు మాత్రం తీయలేదు, తీస్తే నీళ్లే తిరగవు. ఆఖరికి రేడియేటర్ ముందు ఒక అఖ్బార్ కాగితం పట్టుకున్నాడు. కాగితం జాలీకి అతుక్కుంటే పంఖా గాలిని లోపలికి లాగుతున్నట్టు. ఎగిరిపోతే రెండు వైర్లు ఉల్టా పడ్డట్టు, గాలి ఎదురుగాలితో కుస్తీ పడుతుంది.

వీటన్నిటికంటే ముందు అతను చేసింది ఇంకోటి. రేడియేటర్ విప్పి కడిగించాడు. బోరు ఖారా నీళ్లు పోసీ పోసీ లోపల గొట్టాలన్నీ సున్నం కట్టాయి. "నస్ బంద్ హై సాబ్, పంఖా క్యా కరేగా?" అన్నాడు. ఎన్నో గాడీలకి అసలు మర్జ్ ఇదే, పంఖా ఖర్చా దండగ.

వింటేజ్ షౌక్ ఉన్న పెద్దలు కొందరికి ఈ మార్పు నచ్చదు. అస్లీ పోతుందంటారు. వాళ్ల మాటలో నిజం లేకపోలేదు, చౌమహల్లాలోని పసుపు గాడీకి ఎవడైనా మారుతి పంఖా తగిలిస్తే నేనే ధర్నాకి కూర్చుంటా. కానీ హిందుస్తాన్ మోటార్స్ 2014లో అంబాసిడర్ తయారీ ఆపేసింది, కొత్తది ఇక రాదు. గల్లీలో మిగిలినవి నడవాలంటే ట్రాఫిక్‌లో నిలబడగలగాలి. నిలబడలేని గాడీని కొడుకులు కబాడీకి తూకానికి అమ్మేస్తారు, అప్పుడు అస్లీ ఎక్కడ? చిల్లులు పొడవకుండా, పాత రెక్కల్ని పారేయకుండా చేస్తే చాలు. మామూ ఆ రెక్కల్ని గోనెసంచిలో చుట్టి డిక్కీలో పెట్టుకున్నారు.

ఎనిమిదో నిజాం ముకర్రమ్ జాకి దర్బార్ కంటే ఇంజిన్ల మీదే మొహబ్బత్ ఎక్కువని అందరికీ తెలిసిందే. ఆస్ట్రేలియాలో గొర్రెల పొలం కొనుక్కుని బుల్‌డోజర్లు మరమ్మత్ చేసుకునేవారు. ఆయన ఖబర్ 2023 నుంచి మక్కా మసీదులో ఉంది, తాతగారి పసుపు కారుకి నాలుగడుగుల దూరంలోనే.

మామూ గాడీ ఆపి, చావీ జేబులో వేసుకుని ఇంట్లోకి పోయాక కూడా బానెట్ కింద పంఖా రెండు మూడు నిమిషాలు తిరుగుతూనే ఉంటుంది. ఇంజిను ఆగినా అందులోని వేడి నీళ్లలోకి దిగుతూ ఉంటుంది కాబట్టి. గల్లీ పిల్లలు మాత్రం లోపల జిన్ ఉందని చెప్పుకుంటారు, మామూ కాదనరు.