బండి మార్పిడి

మొన్న సంక్రాంతికి మా బ్యాచ్ వాళ్ళం కాశీబుగ్గలో కలిశాం. పదో తరగతి దాటి నలభై ఏళ్ళయింది. టీలు తాగుతుంటే, వజ్రపుకొత్తూరు వైపు నుంచి వచ్చిన మిత్రుడు తన బుల్లెట్ తాళం బల్ల మీద పెట్టి, "దీన్ని అమ్మీద్దామనుకుంటన్నానురా. ఎవులికైనా కావాలేటి?" అన్నాడు. ఒక్కరూ మాట్లాడలేదు. అది వాళ్ళ నాన్నగారి బండి. దాని వెనక సీటు ఎక్కనివాడు మా బ్యాచ్‌లో లేడు. నేను జేబులోంచి నా పాత హీరో హోండా తాళం తీసి పక్కన పెట్టాను. "అమ్మే ముందు ఒక్క రోజు మార్చుకుందాం రా" అన్నాను.

ఆ రోజు సంగతి తర్వాత చెబుతాను. బండి మార్చుకోవడం మన ప్రాంతంలో కొత్త సరదా కాదు. దాని వెనక కొంత చరిత్ర ఉంది. స్వర్ణోత్సవ సంచికలో దాన్ని కాస్త రాసి ఉంచాలనిపించింది.

మన భాషలో ఎడ్లు లాగేదీ బండే, పట్టాల మీద పోయేదీ బండే, పెట్రోలు తాగేదీ బండే. 1900లో నౌపడ నుంచి టెక్కలి మీదుగా పర్లాకిమిడికి చిన్న రైలు పడింది. 1931 నాటికి అది గుణుపురం చేరింది. ఆ రైలు దిగాక ఊరికి పోవాలంటే కాలినడక, ఎడ్లబండి, ఆ తర్వాత సైకిలు. ఒంటెద్దు ఉన్న ఇద్దరు రైతులు జతకట్టి ఇద్దరి పొలాలూ దున్నుకున్న నేల ఇది. ఒకరి వస్తువు ఇంకొకరి పనికి రావడం ఇక్కడ ఉపకారం కింద లెక్క కాదు, బతుకు నడిచే పద్ధతి. మోటారు సైకిలు వచ్చినప్పుడు కూడా ఆ పద్ధతిలోకే వచ్చింది.

1954లో భారత సైన్యం సరిహద్దు గస్తీ కోసం 800 బుల్లెట్ బళ్ళు కావాలని ఆర్డరిచ్చింది. మరుసటి ఏడాది మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడింది. కొన్నేళ్ళకు ఇంగ్లాండులో బుల్లెట్ తయారీ ఆగిపోయినా తిరువొత్తియూరు ఫ్యాక్టరీలో మాత్రం ఆగలేదు. 1961లో మైసూరు నుంచి జావా వచ్చింది. అదే 1973 నుంచి యెజ్డీ అయింది. పోలండు బండి నమూనా మీద ఎస్కార్ట్స్ వాళ్ళు రాజ్‌దూత్ తయారుచేశారు. లైసెన్సు, పర్మిట్ల కాలం కాబట్టి డబ్బున్నా బండి దొరికేది కాదు. బజాజ్ స్కూటరుకు పేరు రాయించుకుని ఏళ్ళ తరబడి ఎదురుచూసిన మాస్టార్లను మనలో చాలామంది ఎరుగుదురు.

అందుకే నా చిన్నప్పుడు ఊరికి ఒకటో రెండో బళ్ళు. జీడి వ్యాపారికి ఒకటి, కాంట్రాక్టరుకు ఒకటి. కాగితాల మీద ఒకరి పేరున్నా బండి ఊరందరిదీ. రాత్రిపూట పురిటినొప్పులు వస్తే ఆ ఇంటి తలుపే తట్టేవారు. పెళ్ళిచూపులకు, పరీక్ష ఫలితాల పేపరు తేవడానికి, చివరి బస్సు తప్పిపోయిన చుట్టాన్ని పలాస స్టేషనులో దించడానికి అదే బండి. తీసుకెళ్ళినవాడు పెట్రోలు పోయించి, తుడిచి తిరిగి అప్పగించాలి. చేబదులు డబ్బుకున్న మర్యాదే బండికీ ఉండేది.

1980లో టీవీఎస్ 50 వచ్చింది. మన దేశంలో ఇద్దరు కూర్చోగలిగిన మొదటి మోపెడ్ అది. చేపల గంపలకు, కొబ్బరికాయల బస్తాలకు, జీడి గింజల సంచులకు అదే ఆధారమైంది. ఆపైన వంద సీసీ లోపు బళ్ళకు విదేశీ కంపెనీలతో కలిసే వీలు దొరికింది. ఇండ్-సుజుకి, హీరో హోండా సీడీ 100, యమహా ఆర్ఎక్స్ 100, కవాసాకి బజాజ్ రెండు మూడేళ్ళలో వరసగా దిగాయి. మా కాలేజీ రోజులవి. ఒకడి దగ్గర ఆర్ఎక్స్, ఒకడి దగ్గర అన్నయ్య వాడి వదిలేసిన రాజ్‌దూత్, ఇంకొకడి దగ్గర వాళ్ళ మావయ్య యెజ్డీ. టెక్కలి వెళ్ళేటప్పుడు ఎవడి బండి వాడిది. వచ్చేటప్పుడు ఎవడు ఏది తోలుతున్నాడో మాకే తెలిసేది కాదు. దీనికి మేం పెట్టుకున్న పేరు కుండమార్పిడి.

మార్చుకున్నప్పుడే బండి స్వభావం తెలిసేది. యెజ్డీలో కిక్కు కొట్టే కడ్డీయే గేరు మార్చే కడ్డీ కూడా. తెలియనివాడు బండి పక్కన నిలబడి గేరు కడ్డీ కోసం వెతుక్కునేవాడు. ఆర్ఎక్స్ తేలికది. యాక్సిలేటరు కాస్త తిప్పితే ముందుకు ఉరికేది. పాత బుల్లెట్లో గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. అది బ్రిటిష్ బళ్ళ సంప్రదాయం. 1970ల నడుమ అమెరికా గేరు ఎడమకాలికే ఉండాలని నియమం పెట్టడంతో ప్రపంచమంతా దాదాపు అటే తిరిగింది. మన బుల్లెట్ మాత్రం చాలాకాలం కుడికాలినే నమ్ముకుంది. ఒక బండి అలవాటైన కాలికి ఇంకో బండి మొదటి పాఠం నుంచి మళ్ళీ నేర్పాలి. చూపు రోడ్డు మీద, మనసు పాదం మీద ఉండాలి. ఉద్దానం తోటల మధ్య ఇసక డొంకల్లో అయితే మరీను. బుల్లెట్ ముందు చక్రం ఇసకలో దిగబడిందంటే నూట అరవై కిలోల పైబడ్డ బరువును లాగడానికి మరో ఇద్దరు కావాలి.

తర్వాత రోజులు మారాయి. 1994లో స్ప్లెండర్ వచ్చింది, వాయిదాల మీద బళ్ళిచ్చే ఫైనాన్సులు వచ్చాయి, జాతీయ రహదారి నాలుగు వరసలయింది. ఇంటికో బండి, కొన్ని ఇళ్ళలో మనిషికో బండి. ఇది మంచిదే. పురిటినొప్పులకు ఎవరి తలుపూ తట్టక్కర్లేదు. కానీ ఎవరి బండి వారికి వచ్చాక మార్చుకోవడం పోయింది. బండి తోలడం పళ్ళు తోముకోవడంలాంటి పనైపోయింది.

మన ఉద్దానంలో అది ఇంకా బరువైన పని కూడా అయింది. కిడ్నీ జబ్బు ఇక్కడ ఎన్ని ఇళ్ళను తాకిందో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. డయాలసిస్ కోసం మొదట్లో శ్రీకాకుళం, విశాఖ దాకా పోవలసి వచ్చేది. తర్వాత దగ్గర్లోనే కేంద్రాలు వచ్చాయి. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలయ్యాయి. కేంద్రం దగ్గరైనా అక్కడికి తీసుకెళ్ళేది ఇంటి బండే. నా మిత్రుడు వాళ్ళ అన్నయ్యను వారానికి రెండుసార్లు ఆ బుల్లెట్ మీదే కూర్చోబెట్టుకుని వెళ్ళేవాడు. దాని సీటు వెడల్పు, అన్నయ్యకు సుఖంగా ఉండేదట. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వాళ్ళ కొబ్బరితోట మొత్తం పడగొట్టింది. దారి నిండా చెట్లు. అయినా నలుగురు పట్టి మానుల మీదుగా బండి దాటించి అన్నయ్యను ఆసుపత్రికి చేర్చాడు. తర్వాత రెండేళ్ళకు అన్నయ్య పోయాడు. "ఎనక సీటు కాళీగా ఉంటే తోల్లేకపోతన్నానురా" అన్నాడు నాతో. అమ్మాలనుకోవడానికి కారణం అదీ.

ఇక ఆ రోజు సంగతి. తాళాలు మార్చుకుని వజ్రపుకొత్తూరు మీదుగా అక్కుపల్లి తీరానికి బయలుదేరాం. వాడు నా సీడీ 100 మీద ముందు, నేను బుల్లెట్ మీద వెనక. మొదటి మలుపులోనే బ్రేకు అనుకుని కుడికాలు నొక్కాను. గేరు మారి బండి గింజుకుంది. వాడు వెనక్కి తిరిగి చూసి పడీ పడీ నవ్వాడు. వాడు అలా నవ్వగా చూసి చాలా ఏళ్ళయింది. "కుడికాలు ఊరికే ఉంచరా, పంతులూ!" అని అరిచాడు. తిత్లీ తర్వాత వేసిన కొబ్బరి మొక్కలు ఇప్పుడు కాపుకొచ్చాయి. జీడితోటల మధ్య రోడ్డు మీద వాడు కుర్రాడిలా అటూ ఇటూ వంపులు తిప్పుతూ పోయాడు. ఆ చిన్నబండికి బరువు లేదు, దాని వెనక సీటుకు జ్ఞాపకమూ లేదు.

సముద్రం చూసి, పూండి మీదుగా నౌపడ ఉప్పుమళ్ళ పక్కనుంచి తేలినీలాపురం వెళ్ళాం. చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు పిల్లలతో ఉన్నాయి. చివరికి టెక్కలిలో టీకొట్టు దగ్గర వాడు ముందుగా ఆగి నిలబడ్డాడు. నేను కొంచెం వెనక వస్తున్నాను. బండి ఆపాక చూస్తే వాడి కళ్ళు చెమ్మగిల్లి ఉన్నాయి.

"ఏటయిందిరా?"

"దూరం నుంచి దాని సప్పుడు ఇన్నాన్రా. నాన్న సంతనుంచి వస్తన్నట్టుంది. ఇన్నేళ్ళూ నేనే తోలడంతో ఈ సప్పుడు ఇనలేదు."

ఆ మాట నన్ను వదలడం లేదు. మన బండి చప్పుడు సీటు మీద కూర్చున్న మనకు ఇంజను మోత మాత్రమే. ఇంటి అరుగు మీద కూర్చున్నవాళ్ళకు అది మనిషి రాక. తాళం ఇంకొకరి చేతికి ఇస్తే తప్ప మన బండి మన వీధిలోకి ఎలా వస్తుందో మనకు వినబడదు.

అందుకే ఈ స్వర్ణోత్సవానికి ఒక చిన్న కోరిక. కార్లలో వచ్చేవాళ్ళు కార్లలోనే రండి. పాత బళ్ళు ఇంకా ఉంచుకున్నవాళ్ళు వాటిని తీసుకురండి. సభ అయ్యాక సాయంత్రం ఒక్క గంట తాళాలు మార్చుకుందాం. అయితే కొన్ని షరతులు. పదిహేనేళ్ళు దాటిన బండికి రిజిస్ట్రేషను పొడిగించి ఉండాలి. బీమా నడుస్తూ ఉండాలి. ఇద్దరికీ హెల్మెట్లు ఉండాలి. లైసెన్సు లేనివాడికి బండి ఇవ్వకూడదని 1988 మోటారు వాహనాల చట్టం ఐదో సెక్షన్ బండి సొంతదారుకే చెబుతోంది. గేరు ఏ కాలికి, బ్రేకు ఏ కాలికి అన్నది బయలుదేరక ముందే ఇద్దరూ చెప్పుకోవాలి. పెట్రోలు మాత్రం పాత పద్ధతే: తోలినవాడే పోయించాలి.

నా మిత్రుడు బుల్లెట్ అమ్మలేదు. నా సీడీ 100 కూడా ఇంకా తిరిగి ఇవ్వలేదు. అడిగితే, "ఇంకో వారం ఉండనీరా, నువ్వు మా ఇంటికి బుల్లెట్ మీద రా, ఇంటాను" అంటున్నాడు. ప్రతి ఆదివారం వెళుతున్నాను. కుడికాలు ఇప్పుడిప్పుడే మాట వింటోంది.