డీజిల్ ఇంజెక్షన్ పంపు – లోపనిర్ధారణ: చారిత్రక పరిశీలన

1897లో ఆగ్స్‌బర్గ్‌లో రుడాల్ఫ్ డీజిల్ పరీక్షించి నెగ్గిన ఇంజను, సంపీడిత వాయువు సాయంతో ఇంధనాన్ని సిలిండరులోకి చిమ్మేది. అందుకు అవసరమైన బరువైన కంప్రెసర్ కారులో ఇమడదు. 1927లో బాష్ సంస్థ ఇంజెక్షన్ పంపుల భారీ ఉత్పత్తిని ప్రారంభించడంతో ఆ అవరోధం తొలగింది. 1936లో మెర్సిడెస్-బెంజ్ 260 డి కారు వెలువడింది.

అయితే ఈ పంపులో ప్లంజరుకు, బ్యారెల్‌కు మధ్య ఎడం మిల్లీమీటరులో కొన్ని వెయ్యో వంతులు మాత్రమే. దుమ్ము, నీరు చేరితే అది అరిగిపోతుంది. దానిని సరిచేయడం టెస్ట్ బెంచ్ గల నిపుణునికే సాధ్యం. కనుక మెకానిక్కుకు మిగిలినది మినహాయింపు పద్ధతి. అతడు ముందుగా ఫిల్టరును, గొట్టాల్లో చేరిన గాలిని పరిశీలిస్తాడు. పిమ్మట ఇంజను నడుస్తుండగా ఇంజెక్టరు పైపుల నట్లను ఒక్కొక్కటిగా వదులు చేస్తాడు. ఏ నట్టు వదిలినప్పుడు వేగం తగ్గదో ఆ సిలిండరు పనిచేయడం లేదని అర్థం. ఆ లోపం ఇంజెక్టరుదో, కంప్రెషనుదో కూడా కావచ్చు. ఇవన్నీ తేలిన తరువాతే అనుమానం పంపుపై నిలుస్తుంది. ఈ క్రమాన్ని తలకిందులు చేస్తే బాగున్న పంపుకే ఖరీదైన మరమ్మతు జరుగుతుంది. లోపం యథాతథంగా మిగులుతుంది.