పేరును మేల్విలాసమును



నెల్లూరు సీమ తీరమున దుగరాజపట్నమను గ్రామము కలదు. 1626 ప్రాంతమున నచట వర్తకశాల నెలకొల్పిన యాంగ్లేయులు దానిని ఆర్మగాన్ అని వ్రాసికొనిరి. ఆ పేరొక్కటే యెరిగినవాడు నేడు మన తీరమెల్ల తిరిగినను త్రోవ చూపువారరుదు. ఊరున్నది, బాట యున్నది. పేరును చోటును కలుపువాడు లేడు. కంప్యూటర్ల వలలో గలుగు చిక్కులు పెక్కు లిట్టివే.

వలలోని యంత్రములకు మేల్విలాసములు అంకెలు. పేర్లు మన సౌకర్యమునకే యేర్పడినవి. మొదట అమెరికాలో స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థవారు పేర్లను, అంకెలను ఒక్క పట్టికలో వ్రాసి యందరికి నందించుచుండిరి. యంత్రములు పెరిగిన కొలది అది సాగదయ్యెను. 1983లో పాల్ మొకపెట్రిస్ అనునతడు ఏ శాఖ పేర్లు ఆ శాఖయే చెప్పునట్లు డీ.ఎన్.ఎస్. అను పద్ధతిని కల్పించెను. పూర్వము ఏ గ్రామపు లెక్కలు ఆ గ్రామ కరణమే చెప్పెడివాడు గదా, అట్లే.

అంకెలు సుమారు 429 కోట్లే. అవి లోకమునకు చాలవని తెలిసి, 1994లో ఎగెవాంగ్, ఫ్రాన్సిస్ అనువారు లోపలి యంకెను గుమ్మముకడ వెలుపలి యంకెగ మార్చు నాట్ అను ఉపాయమును ప్రకటించిరి. గుమ్మమున నుండు చిన్న పెట్టెయే రూటరు. ఏ జాబును లోపలివారిలో నెవరు పంపిరో అది గుర్తుంచుకొని, బదులు రాగానే వారికే చేర్చును. ఇందువలన కార్యాలయమున కంతకును ఒక్క వెలుపలి యంకె చాలును. కొంతకాలపు సర్దుబాటని తలచినదే నేటికిని భారము మోయుచున్నది!

తుపాను దినములలో తీరపు కార్యాలయమున వల నిలిచెనా, మనవారు వెంటనే తీగను నిందింతురు. అది తొందరపాటు. ముందుగా 8.8.8.8 వంటి వెలుపలి యంకెను పిలిచి చూడవలయును. అది పలికి, పేర్లు మాత్రము పలుకకున్న, తప్పు డీ.ఎన్.ఎస్.ది, రూటరులో పేర్లు చెప్పు యంత్రపు అంకెను మార్చి చూడవచ్చును. అంకెయు పలుకకున్నచో లోపము తీగలోనో గుమ్మముకడనో కలదు.

ఈ రెండవ విధమును మా తీరమున నొక చిన్న కార్యాలయములో చూచితిని. సేవ నిచ్చువారి పెట్టె వెనుక మరియొక పెట్టెను తగిలించియుండిరి. రెండును లోపల 192.168.1 అను వరుసనే పంచుచుండెను. లోపలి వీధికిని వెలుపలి వీధికిని ఒకే పేరు, ఒకే తలుపు సంఖ్య యున్న, జాబు గడప దాటునా? వారు మూడు దినములు తీగలే మార్చిరి. రెండవ పెట్టె వరుసను 192.168.2గ మార్పించితిని. ఆ సాయంకాలమే వాతావరణశాఖవారి తుపాను హెచ్చరిక తెరపై గానవచ్చెను.