హంతకుని పేరు: గోదావరీ మండలములు, తెలుగు నేరనవల

కుండలు పగులగొట్టియైనను, బట్టలు చింపుకొనియైనను, గాడిదనెక్కియైనను మనుజుడు ప్రసిద్ధికెక్కవలెనని పరిహసించు సంస్కృత చాటుశ్లోక మొకటి పండితుల నోళ్లలో నేటికిని నానుచున్నది. ఆ పరిహాసమునకు భయంకరమైన రూపము క్రీ. పూ. 356లో ఎఫెసస్ నగరమున కనబడినది. హెరోస్ట్రాటస్ అనువాడు కేవలము పేరుకొరకు ఆర్టెమిస్ దేవాలయమును తగులబెట్టెను. అతని పేరు ఎవరును ఉచ్చరింపరాదని నగరవాసులు శాసించిరి. అయినను థియోపాంపస్ అను చరిత్రకారుడు దానిని గ్రంథస్థము చేసెను. అందుచే అది మనదాక వచ్చినది. భీభత్సముచే కీర్తిని గోరు నిట్టి హంతకుడు పాశ్చాత్యుల ఉత్కంఠ నవలలకు ప్రియమైన పాత్ర. మన నవలలో వాడు మిక్కిలి అరుదు. ఏల?

ఈ ప్రశ్నకు గోదావరీ మండలముల చరిత్రనుండియే సమాధానము వెదకుట యుక్తమని మా యభిప్రాయము. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై దాడి చేసి, కొనిపోయిన ఆయుధముల వివరము అచటి పుస్తకములలో వ్రాసి చేవ్రాలు చేసెను. ముందుగా కబురంపి దాడి చేయుట ‘మిరపకాయ టపా’ యను పేర జనశ్రుతిలో నిలిచినది. ఇచట పేరు వ్రాయుట కీర్తికొరకు గాదు. చేసిన పనికి బాధ్యుడెవడో తెలియవలెను. తన బదులు మన్యపు గూడెములవారు దెబ్బలు తినరాదు. చేవ్రాలును మేమిట్లు గ్రహించుచున్నాము. 1933 నాటి కాకినాడ బాంబు కేసులో పద్ధతి వేరు. పోలీసు అధికారులకై సిద్ధపరచిన బాంబులు అనుకోకుండ ప్రేలగా, అజ్ఞాతమునకేగిన ప్రతివాది భయంకరాచారి పట్టుబడి అండమానుకు పంపబడెను. అచట రహస్యమే ప్రధానము. ఈ రెంటిలోను పేరాశ, అనగా పేరుమీది యాశ, హింసకు ప్రేరణ కాలేదు.

నేరనవలకు వత్తము. రాజమహేంద్రవరమున కొండపల్లి వీరవెంకయ్య అండ్ సన్సు వంటి ప్రచురణకర్తలు చౌకవెల నవలలకు గొప్ప విపణిని కల్పించిరి. తణుకున జన్మించిన కొవ్వలి లక్ష్మీనరసింహారావు వేయి నవలల రచయితగా ప్రసిద్ధుడు. ఆయనవి ప్రధానముగ సాంఘికములే యైనను, ప్రయాణములో చదివి పారవేయు పాఠకుని తయారుచేసినవి అట్టి నవలలే. ఆ పాఠకునికే తరువాత కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధరును చూపెను. డిటెక్టివు నవలలో హంతకుని పేరు కడపటి పుటదాక దాచవలసిన సరకు. దానిని వాడే చాటుకొన్నచో కథయే లేదు. ప్రసిద్ధి యంతయు పరిశోధకునిది. కీర్తికాముకుడగు హంతకుడు మన నవలలో ప్రవేశింపకుండుటకు తొలి యడ్డంకి ఈ కథానిర్మాణమే.

రాజోలున 1948లో జన్మించిన యండమూరి వీరేంద్రనాథ్ ఈ కట్టును త్రెంచెను. ‘అభిలాష’లో యువన్యాయవాది మరణశిక్షను రద్దు చేయింప నెంచి, తానే ఒక కల్పితహత్యకు ముద్దాయిగా నిలువ సంకల్పించును. నిర్దోషికి ఉరి పడగలదని దేశమునకు చాటుట వాని పన్నుగడ. అది వికటించి ఉరికంబము నిజముగనే ఎదుట నిలుచును. నవల చలనచిత్రమైనది 1983లో; అంతకు మూడేండ్లు ముందుగా బచన్ సింగ్ వ్యాజ్యెములో సుప్రీంకోర్టు మరణశిక్షను అత్యంత అరుదైన సందర్భములకే పరిమితము చేసియుండెను. (నవలలోని 302వ సెక్షనుకు బదులుగా 2024 జులై 1 నుండి భారతీయ న్యాయసంహిత 103వ సెక్షను అమలులోనికి వచ్చినది.) నేరముచే లోకదృష్టి నాకర్షించుట యను హెరోస్ట్రాటస్ సూత్రమే ఇచటను కలదు. కాని చంపుట లేదు, పేరు సాధనమే గాని సాధ్యము కాదు. తెలుగు నవల కీర్తిహంతకుని దరిదాపులకు వచ్చి, వానిని సంస్కర్తగా మార్చివేసినది. ఇది రచయిత చాతుర్యమని కొందరు, పిరికితనమని కొందరు అనవచ్చును. చాతుర్యమనియే మేము తలంతుము.

అయినచో భయముచే ప్రసిద్ధి గడించినవారు మనలో లేరా? కలరు, వారు హంతకులు కారు, వారపత్రికలు. ఆంధ్రభూమి వారపత్రికలో ‘తులసిదళం’ ధారావాహికగా వెలువడినపుడు చేతబడి భయము ఇంటింట చర్చకు వచ్చినది. దానిని ఖండించుచు రంగనాయకమ్మ ‘తులసిదళం కాదు, గంజాయి దమ్ము’ అను గ్రంథము వ్రాసిరి. ఆమెయు పశ్చిమగోదావరివారే! భయపెట్టి పాఠకుని నిలుపుట తగునా యను ఈ వాదము తెలుగు విమర్శలో ఇంకను తీరలేదు. విశ్వవిద్యాలయములు దీనిని ‘క్షుద్రసాహిత్య’ మను నొక్క మాటతో గది వెలుపల నిలిపినవి. ఇది న్యాయము కాదు. రంగనాయకమ్మగారు నిందించుటకైనను ఆ నవలను క్షుణ్ణముగ చదివిరి.

పరిశోధింపదలచు విద్యార్థులకు ఒక సూచన. అచ్చుపుస్తకములో ప్రకరణములు కలవుగాని, ఏ వారము ఏ వాక్యమువద్ద కథ ఆగినదో కనబడదు. భయము పనిచేసినది ఆ ఏడు దినముల ఎడములోనే. పత్రికల పుటలను చించి దారముతో కుట్టుకొన్న ప్రతులు కోనసీమ ఇండ్లలోను, పాత గ్రంథాలయములలోను వెదకవలసియున్నది. చెదలు మనకంటె చురుకైనవి.