చీరె ఇస్తే సరిపోతుందా?

మామిడికాయల రోజులొస్తే మా కొల్లాపూరు ఇంట్లో ఊరగాయ పనికి ఒకావిడ వచ్చేది. చిన్నప్పుడే పెళ్లి, చిన్నప్పుడే పసుపుకుంకాలు పోయాయి. చంకన ఒక పిల్లవాడు. అమ్మ పాత చీరె ఇవ్వబోతే, “చీరె ఎన్నాళ్లుంటదమ్మా? ఏడాదంత ఉండే పని సూపియ్యున్రి” అంది. అమ్మ దగ్గర చీరెలున్నాయి గాని, పని లేదు.

దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి సంగతులు చదువుతుంటే ఆ మాటే గుర్తొచ్చింది. ఎనిమిదో ఏట జరిగిన పెళ్లిని పెద్దయ్యాక కాదనుకున్న మనిషి ఆవిడ. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లి, అక్కడ హత్యానేరాల మీద శిక్షపడ్డ ఆడవాళ్లను చూశారు. తమ గోడు తాము చెప్పుకోలేని వాళ్ల చదువులేనితనం ఆవిణ్ణి కలచివేసింది. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టి, ఆడపిల్లలను మెట్రిక్‌కు తయారుచేశారు.

మరి ముప్ఫై ఏళ్ల వితంతువు సంగతేమిటి? పసిపిల్లల పక్కన మూడో తరగతి బెంచీ మీద కూర్చోగలదా? అందుకే 1958లో, కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు అధ్యక్షురాలిగా, అలాంటివాళ్ల కోసం రెండేళ్ల సంక్షిప్త కోర్సు ప్రవేశపెట్టారు. అలా చదివి టీచర్లూ, నర్సులూ, గ్రామసేవికలూ అయినవాళ్లెందరో!

మొన్న నేనూ పాత చీరెలు మూటగట్టి హైదరాబాదులో ఒక ఆశ్రమానికి ఇచ్చొచ్చాను. మనసు తేలికైంది. బీరువా అంతకన్నా తేలికైంది! అక్కడి ఆవిడ, “వారానికో గంట లెక్కలు చెబుతారా?” అని అడిగింది. తీరిక లేదన్నాను. అన్నాను గాని, బస్సులో దారి పొడుగునా ఆ కొల్లాపూరు ఆవిడే కళ్లలో మెదిలింది.

ఈ గురువారం నుంచి వెళ్తున్నాను. ఎక్కాలు గుర్తున్నాయో లేదోనని రాత్రి ఒకసారి అప్పజెప్పుకున్నాను కూడా.