వ్యాధికారక బాక్టీరియాల ఎంజైములు

వ్యాధికారక బాక్టీరియాలు తమ కణం వెలుపలికి స్రవించే కొన్ని ఎంజైములు, అతిథేయి (బాక్టీరియా ఆశ్రయించిన మనిషి లేదా జంతువు) శరీరంలోని అడ్డంకులను ఛేదించి వ్యాధి వ్యాపించుటకు తోడ్పడతాయి. చర్మము, శ్లేష్మ పొర, కణాల నడుమ ఉండే సంధాయక పదార్థము, తెల్ల రక్తకణాలు ఇటువంటి అడ్డంకులు. ఏ అడ్డంకిని ఏ ఎంజైము ఛేదిస్తుందో తెలిస్తే వ్యాధి లక్షణాలు, చికిత్స సులభంగా అర్థమవుతాయి.

ముఖ్యమైన ఎంజైములు

* హయలురోనిడేజ్: కణాలను జిగురువలె పట్టి ఉంచే హయలురోనిక్ ఆమ్లాన్ని విడగొడుతుంది. దీనికి 'వ్యాప్తి కారకం' అని కూడా పేరు. స్ట్రెప్టోకోకస్, స్టాఫిలోకోకస్, క్లాస్ట్రిడియం ప్రజాతులలో కొన్ని జాతులు దీనిని స్రవిస్తాయి.
* కొల్లాజినేజ్: చర్మానికి, కండరాలకు దృఢత్వాన్నిచ్చే కొల్లాజెన్ పోగులను కరిగిస్తుంది.
* లెసిథినేజ్: గ్యాస్ గాంగ్రీన్ కలిగించే క్లాస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్ యొక్క ప్రధాన విషం. కణత్వచంలోని లెసిథిన్‌ను ఛేదించి కణాలను చంపుతుంది. ఈ విషం ఒక ఎంజైమని 1941లో మెక్‌ఫార్లేన్, నైట్ నిరూపించారు.
* కొయాగ్యులేజ్: స్టాఫిలోకోకస్ ఆరియస్ స్రవిస్తుంది. రక్తపు ప్రోత్రాంబిన్‌తో కలిసి బాక్టీరియా చుట్టూ ఫైబ్రిన్ గడ్డను ఏర్పరచి రక్షణ కల్పిస్తుంది.
* స్ట్రెప్టోకైనేజ్: ఇది స్వయంగా దేనినీ ఛేదించదు. రక్తంలోని ప్లాస్మినోజెన్‌ను ఉత్తేజపరచి గడ్డలను కరిగింపజేస్తుంది. గుండెపోటు చికిత్సలో దీనిని ఔషధంగా వాడారు.
* డీ.ఎన్.ఏ.యేజ్: తెల్ల రక్తకణాలు డీ.ఎన్.ఏ. పోగులతో పన్నే వలలను తెంచుతుంది.

కలరా, పత్తికొండ

దత్త మండలాలకు 1800 నుండి 1807 వరకు ప్రిన్సిపల్ కలెక్టరుగాను, 1820 నుండి మద్రాసు గవర్నరుగాను పనిచేసిన సర్ థామస్ మన్రో, స్వదేశానికి వెళ్ళబోయేముందు ఈ ప్రాంతాన్ని చివరిసారి చూడడానికి వచ్చాడు. 1827 జూలై 6న నేటి కర్నూలు జిల్లాలోని పత్తికొండలో ఉదయం కలరా సోకి, ఆ రాత్రికే మరణించాడు. గుత్తిలో సమాధి చేసిన ఆయన అవశేషాలను 1831లో మద్రాసులోని సెయింట్ మేరీ చర్చికి తరలించారు.

ఇంత వేగంగా ప్రాణం తీసే కలరా బాక్టీరియా (విబ్రియో కలరే) నిజానికి కణజాలంలోనికి చొచ్చుకొనిపోదు. దాని ప్రోటియేజ్ చిన్న ప్రేగులోని శ్లేష్మాన్ని కరిగించి దారి చేస్తుంది. న్యూరామినిడేజ్ ప్రేగు కణాల ఉపరితలం నుండి సియాలిక్ ఆమ్లాన్ని తొలగించి, విషం అంటుకొనే స్థానాలను పెంచుతుంది. కలరా విషంలోని ఒక భాగము కూడా ఎంజైమే. అది కణంలో ప్రవేశించి సైక్లిక్ ఏ.ఎం.పి.ని విపరీతంగా పెంచుతుంది. అందువల్ల లవణాలు, నీరు ధారగా ప్రేగులోనికి పోయి, రోగి కొన్ని గంటలలోనే శోషించిపోతాడు.

1884లో రాబర్ట్ కోచ్ కలకత్తాలో ఈ బాక్టీరియాను వేరుచేశాడు. బాక్టీరియాను తొలగించిన ద్రవము కూడా కుందేలు ప్రేగులో నీరు చేరుస్తుందని 1959లో అదే నగరంలో శంభునాథ్ డే చూపి, వ్యాధికి కారణం స్రవించబడిన విషమేనని నిరూపించాడు.

గొర్రెలలో చిటుక రోగం

తొలకరికి మొలిచిన లేత గడ్డిని అతిగా మేసిన గొర్రెలలో వచ్చే చిటుక రోగానికి క్లాస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్ 'డి' రకం కారణం. ఇది స్రవించే ఎప్సిలాన్ విషం మొదట దాదాపు నిష్క్రియంగా ఉంటుంది. గొర్రె ప్రేగులోని ట్రిప్సిన్, బాక్టీరియా యొక్క సొంత ప్రోటియేజ్ దానిలో కొంత భాగాన్ని కత్తిరించినప్పుడే అది ప్రమాదకరమవుతుంది. వర్షాకాలానికి ముందు టీకా వేయించుట దీనికి నివారణ.

చికిత్సలో ప్రాముఖ్యత

గ్యాస్ గాంగ్రీన్‌లో కణజాలం చచ్చి, రక్త ప్రసరణ ఆగిపోతుంది కనుక మందులు అక్కడికి చేరవు. చెడిన భాగాన్ని శస్త్రచికిత్సతో తొలగించవలసి ఉంటుంది. కలరాలో ప్రేగు గోడ చెక్కుచెదరదు. చక్కెరతోపాటు ఉప్పును, నీటిని పీల్చుకొనే శక్తి దానికి మిగిలే ఉంటుంది. చక్కెర, లవణాలు కలిపిన నీరు త్రాగించుట ఈ సూత్రంపైనే ఆధారపడినది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల కొరకు ఏర్పడిన బొన్‌గావ్ శిబిరంలో దిలీప్ మహలనబిస్ ఈ పద్ధతితో అనేకుల ప్రాణాలు కాపాడాడు. తీవ్రంగా శోషించినవారికి మాత్రం సెలైన్‌ను నరం ద్వారా ఎక్కించాలి.